వేలం ఇంటి ముందుగది

రాధమ్మ మూట విప్పకుండానే బేరం చెప్పేది. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణమేదైనా మూతపడితే మిగిలిన సరుకును మూటలు కట్టి ఒక్క ధరకు తోసేస్తారు. విప్పి చూపించరు. రాధమ్మ మూట మూలలో రెండు వేళ్లు దూర్చి, చేతికందిన అంచును నలిపి, ఇందులో పట్టు ఎంత, పాలిస్టరు ఎంత, ఎలుకలు కొట్టింది ఎంత అన్నది అక్కడే తేల్చేది. పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం గుంట దగ్గర పుట్టిన మనిషి. నాలుగో తరగతితో పలక పక్కన పెట్టింది. పెద్ద చదువులవాళ్లు తన దగ్గర ఓడిపోయారు గాని తనను ఓడించినవాళ్లు లేరని ఆమెకు మహా గర్వం. ఆ గర్వమే ఆమెను ఎల్బీనగర్ దాకా నడిపించింది.

సైదాబాద్‌లో వాళ్లది కిరాయి ఇల్లు. అత్త దవాఖానలో పోయిన రోజు, శవాన్ని తెస్తే ఇంటి ఓనరు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. కిరాయికిచ్చిన ఇంట్లో శవాన్ని దింపనియ్యడం తమకు అచ్చిరాదన్నాడు. చేతులు కూడా జోడించాడు, ఆ మర్యాదకేం తక్కువ లేదు. వానలో రోడ్డు మీద టెంటు వేసి ముసలమ్మను పడుకోబెట్టారు. పోయే ఆటోలన్నీ బురద చిమ్మాయి. స్నానానికి నీళ్లు ఎదురింటివాళ్లు పోశారు. రాధమ్మ ఆ రోజు ఏడవలేదు. టెంటు గుంజ పట్టుకొని ఓనరు బాల్కనీ వైపే చూస్తూ నిలబడింది.

తర్వాత కొన్నేళ్లకు ఆమె మొగుడు కోదండానికి దమ్ము పట్టుకుంది. చిన్నప్పటి నుంచి అద్దకం రంగుల ఆవిరి, నూలు దుమ్ము పీల్చిన ఛాతీ అది. తెలంగాణ కోసం ఊరూవాడా రోడ్డెక్కిన ఆ ఏడు, ఎండాకాలంలో డాక్టరు రాధమ్మను పక్కకు పిలిచి, ఇక మందులతో నెట్టుకురావడమే తప్ప నయమయ్యేది కాదని చెప్పేశాడు. బయటికొచ్చిన రాధమ్మకు టెంటు, వాన, బురద తప్ప ఇంకేమీ కనబడలేదు. కోదండం పోవడం ఆమె చేతిలో లేదు. ఎక్కడి నుంచి పోవాలన్నది మాత్రం తన చేతిలో ఉందనుకుంది.

అట్లాంటి సమయంలో జానయ్య వచ్చాడు. పెద్ద అంబర్‌పేట్ వైపు ప్లాట్లు అమ్మిపెట్టే బ్రోకరు. చేతిలో మడతపెట్టిన పేపరు.

"అక్కా, బ్యాంకోళ్లు ఇల్లు వేలం వేస్తున్నరు. ఎల్బీనగర్ కాడ. రెండు బెడ్రూములు, ముందట ఒక గది, బోరు, వేపచెట్టు. బయట ధరల సగానికి ఒస్తది."

"సగానికి ఎందుకిస్తరురా? పుచ్చు ఉంటేనే గదా సగానికి ఇచ్చేది?"

"పుచ్చేం లేదక్కా. ఆంధ్రాయన, కోచింగ్ సెంటర్ పెట్టిండు. బందులకు పిల్లలు రాక మునిగిండు. బ్యాంకు గుంజుకున్నది. గిప్పుడు గీ గడబిడల ఆంధ్రోళ్లు కొనరు, మనోళ్లకేమో కేసులంటే భయం. పోటీ లేదు."

"లోపల చూడనిస్తరా?"

"బ్యాంకోడు చూడమంటడు. ఇంట్ల ఉన్నోళ్లు గేటు తియ్యరు."

అంటే మూట కట్టి ఉంది. రాధమ్మకు హుషారొచ్చింది. మర్నాడు నాలుగు పోచంపల్లి చీరలు, రెండు దుప్పట్లు మూట కట్టుకొని, ఆటో దిగి, బ్యాంకు నోటీసు అంటించిన ఆ గేటు ముందు నిలబడి కేకేసింది. "చీరలమ్మా చీరలు! మగ్గం మీది చీరలు!"

గేటు తెరుచుకుంది. బ్యాంకు మనిషికి తెరవని గేటు చీరల మూటకు తెరుచుకుంది. తెరిచింది కుసుమకుమారి. నలభై అయిదు దాటిన మనిషి, కళ్ల కింద నలుపు. కొనే ఆలోచన ఆమెకు లేదు. అంతకుముందు చాలా రోజులుగా తలుపు తట్టినవాళ్లంతా అప్పు అడిగేవాళ్లే. చీరలమ్మా అన్న పిలుపు వినేసరికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"రండమ్మా, ఎండలో నించున్నారు. కూర్చోండి, కాఫీ ఇస్తాను" అంది.

రాధమ్మ కాఫీ తాగింది. బాత్రూముకని లోపలికి పోయి గోడల చెమ్మ చూసింది. దేవుడి గది ఏ మూలన ఉందో చూసింది. ముందుగదికి రోడ్డు వైపు వేరే తలుపు ఉండటం చూసి, ఇక్కడ మంచం వేస్తే గాలి బాగా తగులుతుందనుకుంది. కుసుమకుమారి చీర అంచు నిమురుతూ, "మా అమ్మాయి తన్మయికి ఈ నీలం బాగుంటుంది. ఇప్పుడు కాదులెండి, ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దాం" అంది. రాధమ్మ తలూపింది. ఇంట్లో అన్నీ చూసింది గాని ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం మాత్రం చూడలేదు.

వేలంలో ధర రాసిన కవర్లు రెండే పడ్డాయి. ఇల్లు రాధమ్మకు వచ్చింది. ఊళ్లో వాటాకొచ్చిన చెలక భూమి అమ్మి డబ్బు కట్టేసింది. బ్యాంకువాళ్లు ముద్ర వేసిన సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. కొడుకు ఉపేందర్ అది చదివాడు. బడిలో సారు, ఉద్యమంలో ముందుండేవాడు. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగాడు.

"అమ్మా, 'ఉన్నది ఉన్నట్టుగా' అని రాసిండ్రు."

"ఉన్నది ఉన్నట్టే గదా కావాల్సింది. గోడలున్నయి, చెట్టున్నది."

"గోడలతోపాటు మనుషులున్నరు. వాళ్లను లేపుడు మన పనేనట."

రాధమ్మ బ్యాంకుకు పోయి అరిచింది. అక్కడున్న కుర్రాడు మెత్తగా చెప్పాడు. బ్యాంకు పుచ్చుకున్న స్వాధీనం కాగితం మీదిదట. మనుషులను బయటికి పంపాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలట, పోలీసులు కావాలట. ఈలోపు ఇంటాయన వేలం చెల్లదని కేసు కూడా వేశాడట.

"గీ ముచ్చట పైసలు కట్టకముందు చెప్పొద్దా?"

"పేపర్లో వేశామమ్మా. చిన్న అక్షరాల్లో ఉంది."

మూటలో బట్ట ఎదురు తిరగదు. కేసు వేయదు, కాఫీ ఇవ్వదు. నలభై ఏళ్లు మూటలు కొన్న మనిషికి ఆ తేడా అప్పుడు తెలిసింది.

ఆ మీదట సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, రిజిస్ట్రేషన్లు లేవు, వకీళ్లు కోర్టులు వదిలి రోడ్డు మీద కూర్చున్నారు. బడులకు తాళాలు పడ్డాయి. ఉపేందర్ పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు.

"మీ సమ్మె అయ్యేదాంక మీ నాయన ఆగుతడారా?" అని రాధమ్మ నిలదీసింది.

"నా ఒక్క ఇంటి కోసం సమ్మె ఆపమందునా అమ్మా? నువ్వు గూడ మొన్న బతుకమ్మ పట్టుకొని రోడ్డెక్కితివి గదా."

ఎక్కింది నిజమే. తెలంగాణ రావాలని ఆమెకూ ఉంది. ఇల్లూ రావాలని ఉంది. ఒకటి రావాలంటే ఇంకోటి ఆగాలని ముందే ఎవరూ చెప్పలేదు. మంచం మీది నుంచి కోదండం ఎగపోస్తూనే నవ్వాడు. "రాధీ, ఇల్లు ఒచ్చేదాంక నేను ఆగాల్నా, నేను పోయేదాంక ఇల్లు ఆగుతదా? ఏదో ఒకటి జెప్పు, తయారైతా."

"నోర్మూసుకొని పండు."

సైదాబాద్ ఓనరు ఒకరోజు మెట్ల మీద ఆపాడు. కోదండం మెట్లెక్కలేకపోవడం, దగ్గు రాత్రంతా వినబడటం ఆయన గమనించాడు. మర్యాదస్తుడు గనుక ముందే చెప్పాడు. "రాధమ్మా, ఏమనుకోకు. జర ముందుగల్లనే వేరే ఏర్పాటు జూసుకో."

ఆ సాయంత్రం రాధమ్మ మళ్లీ ఎల్బీనగర్ ఇంటి గేటు ముందు నిలబడింది. ఈసారి మూట లేదు, కేక లేదు. బెల్లు కొట్టింది. కుసుమకుమారి వచ్చి, గేటు మీద చెయ్యి వేసి నిలబడింది. తెరవలేదు.

"చీరలు తెచ్చారా?" అంది.

రాధమ్మ ఖాళీ చేతులు చూపించింది.

"కోర్టు కాగితాల్లో మీ ఫొటో చూసి గుర్తుపట్టానండి. నా చేత్తో కాఫీ ఇచ్చాను. ఇల్లంతా కొలుచుకుని వెళ్లారు. అడిగుంటే నేనే చూపించేదాన్నిగా, ఇదిగో చూసుకోండి, మా కొంప ఇలా ఉందీ అని!"

"అడిగితే చూపించేదానివా?"

"చూపించేదాన్ని కాదు."

"మరి?"

కుసుమకుమారికి కోపంలోనే నవ్వొచ్చినంత పనైంది. ఆపుకుంది. రాధమ్మ గేటు ఊచ పట్టుకొని చెప్పింది. అత్త శవం సంగతి చెప్పింది. ఓనరు మాట చెప్పింది, సమ్మెలో తిరిగే కొడుకు మాట చెప్పింది. "ఇల్లు ఖాళీ జెయ్యమని అడుగనీకి రాలే. ముందటి గది ఒక్కటి ఇయ్యి. మా ఆయన పోయేదాంక. నీ కేసు నువ్వు కొట్లాడుకో, నా కేసు నేను కొట్లాడుకుంట."

"మీరు కొన్న ఇల్లని చెప్పి, మీరే వచ్చి గది అడుగుతున్నారా?"

"అడుగుతున్న. కాగితం నా దగ్గరున్నది. గేటు నీ దగ్గరున్నది."

వెనక నుంచి ఆమె భర్త సాంబమూర్తి వచ్చాడు. బట్టతల, ఇస్త్రీ లేని చొక్కా. ఒకప్పుడు వందల మంది పిల్లలకు లెక్కలు చెప్పిన గొంతు ఇప్పుడు గుసగుసలోకి దిగింది. భార్యను లోపలికి తీసుకుపోయాడు. వాళ్ల మాటలు సగం సగం బయటికి వినబడ్డాయి. వారం కిందట కోచింగ్ సెంటరు బోర్డు మీద రాళ్లు పడ్డాయి. ఎవరు వేశారో తెలియదు. ఉద్యమంలో ఉన్న కుర్రాడి కుటుంబం ముందుగదిలో ఉంటే ఈ గేటు మీద రాయి పడదని ఆయన లెక్క. రాధమ్మకు ఆ లెక్క అర్థమైంది, మెచ్చుకుంది కూడా. ఊరికే ఇచ్చే మంచితనమైతే ఆమె తీసుకోలేకపోయేది.

కుసుమకుమారి తిరిగొచ్చి గేటు గడియ తీసింది. "ఒక్క మాట. మీ అబ్బాయి ఏ జెండా అయినా మోసుకోనివ్వండి, ఈ గేటుకి మాత్రం కట్టకూడదు."

"నువ్వు గూడ వంటింట్ల నుంచి మావోళ్లను తిట్టొద్దు."

"నేనెప్పుడు తిట్టాను?"

"ముందుముందు తిడతవు."

అట్లా కోదండం ముందుగదిలోకి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఇద్దరు ఆడవాళ్లకూ రోజుకొక పేచీ. బోరు మోటారు ఎవరు వేయాలి, కరెంటు కోత లేని గంటలో ఎవరు పిండి రుబ్బాలి, తీగ మీద ఎవరి బట్టలు ముందు. కుసుమకుమారి పెట్టే పులిహోర కోదండం ఇష్టంగా తింటుంటే రాధమ్మకు ఒళ్లు మండేది. "నా వంట ఇన్నేండ్లు ఎట్ల తిన్నవయ్యా మరి?" అంటే, "ఆకలికి తిన్న" అనేవాడు. సద్దుల బతుకమ్మ రోజున రాధమ్మ పూలు పేరుస్తుంటే ఇంటర్ చదివే తన్మయి వచ్చి పక్కన కూర్చుని తంగేడు కట్టలు అందించింది. కుసుమకుమారి కిటికీలోంచి చూసింది. పిలవనూ లేదు, పొమ్మననూ లేదు.

దసరా మర్నాడు శుక్రవారం. ఉపేందర్ మందుల కోసం పోయాడు. తన్మయి తండ్రితో బయటికి పోయింది. పక్క వీధి మసీదులో మధ్యాహ్నం నమాజు పిలుపు మొదలైనప్పుడు కోదండం కళ్లు తెరిచే ఉన్నాడు. నీళ్లడిగాడు. రాధమ్మ కేకేస్తే కుసుమకుమారి వంటింట్లోంచి తులసి నీళ్ల గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది. ఒక చెంచా రాధమ్మ పోసింది, ఒక చెంచా ఆమె పోసింది. పిలుపు అయిపోయింది. వీధి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో కోదండం గుటక వేశాడు. మళ్లీ ఊపిరి తీసుకోలేదు.

సాయంత్రానికి పాడె సిద్ధమైంది. సొంత ఇంటి ముందుగదిలో, వేపచెట్టు గాలి తగిలే చోట పడుకున్నాడు కోదండం. వానా లేదు, టెంటూ లేదు. రాధమ్మ కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. పంతులు పంచాంగం తెరిచేదాకా.

"ప్రాణం ఎప్పుడు పోయింది తల్లీ?" అన్నాడు పంతులు. "పక్క మసీదులో మధ్యాహ్నం నమాజు పిలుపు వేళకు శ్రవణం వెళ్లిపోయింది. ఆ తర్వాత ధనిష్ఠ. నమాజుకు ముందు పోతే ఏ దోషం లేదు. తర్వాతైతే ఆరు నెలలు ఈ ఇల్లు మూసి, గుమ్మానికి ముళ్లకంప పెట్టాలి. ఇంట్లో ఉన్నవాళ్లంతా, ఎవరైనా సరే, బయటికి పోవాల్సిందే. ఉంటే ఇంకో ప్రాణం లాగుతుంది."

అందరూ రాధమ్మ వైపు తిరిగారు. జానయ్య కూడా ఉన్నాడు. బ్రోకరు బుర్ర గనుక అతనికే ముందు వెలిగింది. ఉపేందర్ చెవిలో ఏదో ఊదాడు. ఉపేందర్ తల్లి పక్కన చేరి గొంతు తగ్గించాడు.

"అమ్మా, తర్వాతనే పోయిండని జెప్పు. వాళ్లు పోతరు. తాళం మన చేతికొస్తది. మేజిస్ట్రేటు అక్కర్లేదు, పోలీసులు అక్కర్లేదు."

తర్వాతే పోయాడు. అది అబద్ధం కూడా కాదు. నిజం చెబితే చాలు, ఇల్లు ఒళ్లో పడుతుంది. గుమ్మం అవతల కుసుమకుమారి కూతురి చెయ్యి పట్టుకొని నిలబడి ఉంది. ఆమె ముఖం సున్నం కొట్టినట్టుంది. ఆరు నెలలు ఎక్కడికి పోతారు? కొత్త కిరాయి ఇల్లు వెతికితే యాస వినగానే తలుపు మూసే రోజులు అవి. రాధమ్మనే చూస్తోంది.

రాధమ్మ మంచం మీది మనిషిని చూసింది. ఆమెకు కుసుమకుమారి మీద జాలి కలిగిందని ఎవరైనా అంటే ఒప్పుకోదు. ఒంట్లో ఉన్నది జాలి కాదు, రోషం. మొగుడి శవాన్ని అడ్డం పెట్టి ఇల్లు గుంజుకుందన్న మాట ఈ కాలనీలో పుట్టకూడదు. ఒకసారి మూట అడ్డం పెట్టి లోపలికి వచ్చింది. చాలు.

"పిలుపు మొదలు గాకముందే పోయిండు" అంది.

"నిజమేనా తల్లీ? చూసుకొని చెప్పు, ఇది ఆషామాషీ కాదు."

"పక్కన కూసున్నది నేను. నాకు తెల్వదా? లేపుండ్రి, పొద్దు గూకుతున్నది."

ఉపేందర్ తల్లిని చురుక్కున చూశాడు. కుండ పట్టుకొని ముందు నడిచాడు.

పదకొండో రోజు కూడా అయిపోయాక, కుసుమకుమారి ముందుగది తలుపు తోసుకొని వచ్చింది. చేతిలో కాఫీ లేదు.

"ఎందుకలా చెప్పారు?"

"ఎట్ల జెప్పిన?"

"నేనూ అక్కడే ఉన్నానండి. పిలుపు అయిపోయాకే పోయారు. నా చేత్తో నీళ్లు పోశాను. నాకూ తెలుసు."

"తెలిస్తే నువ్వు జెప్పకపోయినవా?"

కుసుమకుమారి అక్కడే గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. "చెబితే రోడ్డు మీద పడతాం. చెప్పకపోతే ఇదిగో, ఇలా. మా తన్మయికి నిన్న జ్వరం వచ్చింది. ఒట్టి జలుబేనని డాక్టరు చెప్పాడు. నాకు మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు. మీరు మాకు మేలు చేశారో కీడు చేశారో తెలియట్లేదు."

"మేలు జెయ్యలే. ఎవలికీ జెయ్యలే."

"భయం లేదా మీకు?"

రాధమ్మ గుమ్మం అవతలి రోడ్డు వైపు చూసింది. ఉపేందర్ బండి మీద బయటికి పోయిన ప్రతిసారీ ఆమె గుండె ఎక్కడ కొట్టుకుంటోందో ఆమెకే తెలుసు. ఉస్మానియా వైపు పొగ లేచిందని టీవీలో వస్తే ముద్ద దిగదు. నక్షత్రాలను నమ్మని కోదండం బతికుంటే వెక్కిరించేవాడు. ఇప్పుడు వెక్కిరించడానికి ఆయనా లేడు.

"ఖాళీ చేసి పోదామా, రెండు ఇండ్లోళ్లం?" అంది చివరికి.

"ఎక్కడికి?"

"గదే."

సమ్మె ముగిసింది. కోర్టు తెరుచుకుంది. కేసు వాయిదా పడింది, మళ్లీ పడింది. జానయ్య ఇంకో పేపరు పట్టుకొని వచ్చాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఇంకో వేలం ఇల్లు, ఇంకా చౌకట. రాధమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఎవలున్నర్రా అండ్ల?"

"ఎవలుంటే ఏందక్కా? మనకు గోడలు గావాలె గదా."

"గోడలేనా? అయితే నీ పెండ్లాం పిల్లలను తీస్కపోయి పెట్టుకో. అండ్ల ఉన్నోళ్లకు వండిపెట్టు, వాళ్ల పిల్లకు జ్వరమొస్తే కూసొని ఏడువు. లాభమొస్తే నాకు జెప్పు, నేను గూడ కొంట."

జానయ్య పేపరు మడుచుకొని జారుకున్నాడు.

ఆ వారంలోనే మళ్లీ బందు పిలుపొచ్చింది. ఉపేందర్ పొద్దున్నే పోయాడు. బందైనా పరీక్ష ఆగలేదని తన్మయి తండ్రి వెంట బండి మీద పోయింది. చీకటి పడుతున్నా ఇద్దరిలో ఎవరూ రాలేదు. ఫోన్లు కలవడం లేదు. రాధమ్మ ముందుగది అరుగు మీద కూర్చుంది. కాసేపటికి కుసుమకుమారి వచ్చి అదే అరుగు మీద, కొంచెం ఎడంగా కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి బండి చప్పుడు వినబడినప్పుడల్లా ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడుతున్నారు. బండి గేటు దాటి ముందుకు పోతోంది. మళ్లీ కూర్చుంటున్నారు.

"లోపలికి పోయి దీపం పెట్టిరా. గడప చీకట్లున్నది" అంది రాధమ్మ.

"మీరే పెట్టండి. మీ ఇల్లేగా."

"గిప్పుడా గా ముచ్చట?" అంటూ రాధమ్మ మోకాళ్లు పట్టుకొని లేచింది. లేచిందే గాని లోపలికి పోలేదు. సందు మలుపులో ఇంకో బండి లైటు పడింది.